కొలిచిన చెయ్యే చుక్క పెట్టాలి

ఇప్పుడు ఏ పిల్లల ఆస్పత్రికి వెళ్ళినా, బయటికొచ్చే తల్లి చేతిలో ఒక రంగుల కాగితం ఉంటోంది. ఆకుపచ్చ గీత, పసుపు గీత, ఎర్ర గీత, వాటి మధ్య నుంచి పాకే నీలం గీత, పైన బిడ్డ పేరు, కింద ఆస్పత్రి పేరు. చూడముచ్చటగానే ఉంటుంది. నేను పిల్లల డాక్టరుగా రిటైరై చాలా ఏళ్ళయినా ఇరుగుపొరుగు వాళ్ళూ చుట్టాలూ ఆ కాగితం పట్టుకుని వస్తూనే ఉంటారు. "బాబాయిగారూ, మావాడు ఎర్ర గీత కిందికి వెళ్ళాడట, ఏమిటండీ?" అని దిగులుగా అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒకటే. "ఎవరు కొలిచారమ్మా? పడుకోబెట్టి కొలిచారా, నిలబెట్టా?" కాగితమంతా వెదికినా జవాబు ఉండదు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే "సిస్టంలో అలా వచ్చిందండీ" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బిడ్డను ముట్టుకున్నది సిస్టమా, మనిషా? పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

మా రోజుల్లో ఎదుగుదల చార్టు అంటే మందపాటి అట్ట, దాని పక్కన ఒక పెన్సిలు. పల్లెల్లో క్యాంపు పెడితే వసారా వాసానికో, వేపకొమ్మకో సాల్టర్ త్రాసు వేలాడదీసేవాళ్ళం. గుండ్రటి ముఖం, 25 కిలోల దాకా తూకం, 100 గ్రాములకొక గీత. ముందు ఖాళీ జోలె తగిలించి, ముల్లును సున్నా మీదికి తిప్పాలి. ఆ తర్వాత బిడ్డ బట్టలు విప్పాలి, కాళ్ళ కడియాలు తీయాలి. వెండి కడియాలు తీయడానికి నాయనమ్మలు ఒప్పుకునేవాళ్ళు కాదు. బతిమాలి తీయించేవాళ్ళం, ఎందుకంటే నెలల బిడ్డకు వంద గ్రాములు కూడా లెక్కే. జోలెలో వేయగానే బిడ్డ కాళ్ళు తన్నుతుంది, ముల్లు ఊగుతుంది. అది నిలబడేదాకా ఆగి, ముల్లుకు ఎదురుగా కళ్ళు ఆనించి చదివి, అదే చేత్తో పెన్సిలు తీసి అట్ట మీద చుక్క పెట్టేవాళ్ళం. కొలిచిన చెయ్యీ చుక్క పెట్టిన చెయ్యీ ఒక్కటే. ఆ చుక్క పోయిన నెల చుక్క కంటే కిందికి వస్తే పెన్సిలు అక్కడే ఆగేది. "ఉండమ్మా, ఇంకోసారి తూస్తాను" అనేవాళ్ళం. రెండోసారీ అదే వస్తే అప్పుడు విరేచనాల గురించి, పాల గురించి, ఇంట్లో తిండి గురించి అడిగేవాళ్ళం. చార్టు పని అది. తల్లి "దిష్టి తగిలిందండీ, ఎదుగూ బొదుగూ లేదు" అని వాపోయే లోపలే మనకు తెలియాలి.

వయసు కూడా అంతే. కృష్ణా డెల్టా పల్లెల్లో "బిడ్డ ఎప్పుడు పుట్టాడమ్మా?" అంటే తారీఖు చెప్పేవాళ్ళు తక్కువ. "ఉప్పెన పోయిన నెలకి" అనేవాళ్ళు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది కాబట్టి ఆ బిడ్డ డిసెంబరు బిడ్డ. పండక్కి ముందా తర్వాతా, ఊడ్పులప్పుడా కోతలప్పుడా, తిరనాళ్ళకు కడుపుతో ఉన్నావా, ఇలా అడిగి అడిగి పుట్టిన వారం దాకా లాగేవాళ్ళం. ఓపిక కావాలి. అయినా చేసేవాళ్ళం, ఎందుకంటే వయసు తప్పితే చుక్క అడ్డంగా జరిగిపోతుంది, బరువు ఎంత సరిగ్గా తూచినా వృథా.

ఈ అట్ట వెనక పెద్ద ఆలోచనే ఉంది. డేవిడ్ మోర్లే అనే ఇంగ్లీషు డాక్టరు నైజీరియాలోని ఇమేసి-ఇలే అనే పల్లెలో పనిచేస్తూ దీన్ని తయారుచేశాడు. బిడ్డ రికార్డు ఆస్పత్రి బీరువాలో కాకుండా తల్లి దగ్గరే ఉండాలన్నది ఆయన పట్టుదల. ఒక్క చుక్క కంటే చుక్కలు ఎటు నడుస్తున్నాయన్నదే ముఖ్యమని కూడా నేర్పాడు. 1975 అక్టోబరు 2న ఐ.సి.డి.ఎస్. పథకం మొదలై అంగన్‌వాడీలు వచ్చాక మన ఊళ్ళలోనూ ఆ పద్ధతే పాకింది. తల్లి ఆ కార్డును ట్రంకుపెట్టెలో చీరల మధ్య దాచుకునేది. ఏ ఊరు వెళ్ళినా, ఏ డాక్టరు మారినా బిడ్డ చరిత్ర బిడ్డతోనే వెళ్ళేది.

ఇప్పుడేమైంది? ఆ ఒక్క చెయ్యి పోయి నాలుగైదు చేతులు వచ్చాయి. పుట్టిన తేదీ రిసెప్షన్‌లో ఒక అమ్మాయి కొడుతుంది. బరువు, ఎత్తు బయట కొత్తగా చేరిన నర్సు చూసి చీటీ మీద రాస్తుంది. ఆ చీటీ చూసి మూడో మనిషి కంప్యూటర్లో ఎక్కిస్తాడు. గీత సాఫ్ట్‌వేర్ గీస్తుంది. డాక్టరు స్క్రీను చూసి ఒక మాట చెబుతాడు. చివరికి ఆ చుక్క ఎవరిదయ్యా అంటే ఎవరిదీ కాదు. ఎవరికి పుట్టిన బిడ్డరా ఎక్కి ఎక్కి ఏడుస్తోంది అన్నట్టుంది దాని గతి.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను, కాస్త నిదానంగా వినండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి, రెండేళ్ళు దాటాక నిలబెట్టి కొలవాలి. ఒకే బిడ్డను రెండు రకాలుగా కొలిస్తే పడుకున్నప్పుడు సుమారు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. అందుకే సరిగ్గా రెండేళ్ళ మగపిల్లవాడికి సగటు పొడవు పడుకోబెడితే 87.8 సెంటీమీటర్లు, నిలబెడితే 87.1 అని పట్టికలో వేరువేరుగా ఉంటుంది. గిడసబారిన పిల్లవాడు అని చెప్పే హద్దు పడుకోబెడితే 81.7, నిలబెడితే 81.0. ఇప్పుడు ఒక పిల్లవాడిని పడుకోబెట్టి కొలిస్తే 81.4 వచ్చిందనుకోండి. వాడు హద్దుకు కిందున్నాడు, ఎదుగుదల ఆగింది, చూడాల్సిన బిడ్డ. అదే 81.4ను సాఫ్ట్‌వేర్‌లో "ఎత్తు" అనే గడిలో కొడితే నిలబెట్టి కొలిచినట్టు లెక్కేసి, బాగానే ఉన్నాడంటుంది. బిడ్డ అదే, అంకె అదే, తీర్పు మాత్రం తారుమారు. పడుకోబెట్టారా నిలబెట్టారా అని అడిగే గడి లేని సాఫ్ట్‌వేర్లు నేను చూశాను. ఆ గడి ఉన్నవాటిలో కూడా దాన్ని ఎవరూ ముట్టుకోకుండా వదిలేయడం చూశాను.

పొడవు తప్పితే పొడవుతోనే ఆగిపోదు. ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క ఒకటుంది, బాగా చిక్కిపోయిన పిల్లల్ని పట్టుకునేది అదే. బిడ్డ మోకాళ్ళు ముడిచి ఉండగానే కొలిచేసి పొడవు తక్కువ రాశారనుకోండి. ఆ పొట్టి ఎత్తుకు వాడి బరువు సరిపోయినట్టు కనిపిస్తుంది. ఆస్పత్రిలో చేర్చి కాపాడాల్సిన బిడ్డను "బాగున్నాడు" అని ఇంటికి పంపేస్తారు. అందుకే మేం దండచేతికి రంగుల టేపు చుట్టి చూసేవాళ్ళం. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు బిడ్డకు ఆ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తగ్గితే ప్రమాదమని ఇప్పటి లెక్క. ఒక కొలత అబద్ధం చెబితే ఇంకో కొలత పట్టిస్తుంది. ఆ టేపుకు కరెంటు అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఎన్ని క్లినిక్కుల్లో ఇప్పుడది బల్ల మీద కనిపిస్తోంది?

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల సంగతి ఇంకా బాధ. ఎనిమిది వారాలు ముందు పుట్టిన మగబిడ్డకు పుట్టి నాలుగు నెలలైంది, బరువు 5.2 కిలోలు. నాలుగు నెలల బిడ్డగా చూస్తే సగటు 7 కిలోలు, కింది హద్దు 5.6. అంటే వాడు హద్దు కింద పడ్డట్టు. కానీ ముందు పుట్టిన రెండు నెలలు తీసేసి, రెండు నెలల బిడ్డగా చూడాలి. అప్పుడు సగటు 5.6, కింది హద్దు 4.3. వాడు హాయిగా గీతల మధ్యలో ఉన్నాడు. ఈ దిద్దుబాటు రెండేళ్ళ దాకా చేయాలి. పుట్టినప్పుడు ఎన్ని వారాలని అడగని సాఫ్ట్‌వేర్ ఆ తల్లికి ఇచ్చేది భయం ఒక్కటే. భయపడిన తల్లి ఏం చేస్తుంది? నా పాలు చాలడం లేదనుకుని డబ్బా పాలు మొదలుపెడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు దానికి వంత పాడతారు. చక్కగా తల్లిపాల మీద పెరుగుతున్న బిడ్డకు, ఒక గడి ఖాళీగా వదిలేసినందుకు సీసా అలవాటవుతుంది.

ఆడా మగా గడి కూడా అంతే. ఏడాది నిండిన బిడ్డ 7.4 కిలోలుంటే, ఆడపిల్లకు హద్దు 7.0 కాబట్టి పర్వాలేదు, మగపిల్లవాడికి హద్దు 7.7 కాబట్టి తక్కువ బరువు. కంప్యూటర్లో ముందే "మగ" అని పెట్టి ఉన్నదాన్ని మార్చడం మరిచిపోతే ఆడపిల్ల చార్టంతా తప్పే. వయసును నెలల్లోకి గుండుగుత్తగా మార్చే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. ఆరు వారాల టీకాకు వచ్చిన మగబిడ్డ సగటు బరువు 4.9 కిలోలు. వాణ్ణి ఒక నెల బిడ్డ అంటే 4.5తో పోలుస్తుంది, రెండు నెలల బిడ్డ అంటే 5.6తో పోలుస్తుంది. రెండూ తప్పే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి 13 వారాలకు వారం వారం పట్టిక ఇచ్చింది కదా, దాన్ని వాడటానికి కంప్యూటర్‌కు కష్టమేమిటి?

మా చుట్టాలమ్మాయి అమెరికా నుంచి ఏడాది పిల్లవాడితో వచ్చింది. అక్కడి కాగితంలో వాడి బరువు 21 పౌండ్లు, అంటే సుమారు 9.5 కిలోలు, నిక్షేపంలాంటి బరువు. ఇక్కడ ఒక ఆస్పత్రిలో ఆ పాత రికార్డు ఎక్కించేటప్పుడు 21 కిలోలని కొట్టారు. సాఫ్ట్‌వేర్ కిక్కురుమనలేదు. ఆ చుక్క పట్టేలా చార్టును పైకి సాగదీసి, మిగిలిన గీతలన్నిటినీ అడుగున ఇరికించి చూపించింది. ఆ రోజు తూచిన బరువు దాని పక్కన పెట్టి చూస్తే పిల్లవాడు సగానికి సగం కరిగిపోయినట్టుంది. తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏడాది బిడ్డ 21 కిలోలు ఉండడని ఏ అంగన్‌వాడీ ఆయమ్మనడిగినా చెబుతుంది. ఇలా నమ్మశక్యం కాని అంకెలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు కూడా రాసి పెట్టింది. వయసుకు తగ్గ బరువైతే సగటుకు పైన అయిదు, కింద ఆరు ప్రామాణిక విచలనాలు దాటితే అంకె తప్పయి ఉంటుంది, మళ్ళీ చూడమంటుంది. ఆ మాత్రం కాపలా పెట్టడానికి గొప్ప తెలివి అక్కర్లేదు, బిడ్డ మీద ధ్యాస ఉంటే చాలు.

ఎత్తు తగ్గిన పిల్లల్నీ చూస్తున్నాను. పోయినసారి 92 సెంటీమీటర్లు, ఈసారి 90.5. ఎక్కడైనా పిల్లలు పొట్టివాళ్ళవుతారా? పెన్సిలు పట్టుకున్నవాడైతే పిల్లవాణ్ణి మళ్ళీ గోడకు నిలబెట్టి మడమలు ఆనించేవాడు. సాఫ్ట్‌వేర్ మాత్రం గీతను కిందికి వంచి ఊరుకుంటుంది. కొన్నిచోట్ల పోయినసారి ఎత్తే ఈసారి గడిలో దానంతటదే వచ్చి కూర్చుంటుంది. తీరిక లేని నర్సు దాన్ని అలాగే ఉంచేస్తుంది. బిడ్డ ఆర్నెల్లుగా ఎదగలేదని చార్టు చెబుతుంది, నిజానికి ఆర్నెల్లుగా ఎవరూ కొలవలేదు.

మా రోజుల్లో అన్నీ బంగారమని నేను అనను. చార్టు విషయంలో మాకూ తిప్పలుండేవి. 1972లో భారత పిల్లల వైద్యుల సంఘం పెట్టిన గ్రేడులతో పనిచేశాం. బోస్టన్ పిల్లల బరువుల మీద కట్టిన హార్వర్డ్ ప్రమాణంలో 80 శాతం దాటితే బాగున్నట్టు, అక్కడి నుంచి దిగేకొద్దీ ఒకటి నుంచి నాలుగో గ్రేడు దాకా. తర్వాత 1977లో అమెరికా వాళ్ళ చార్టులు వచ్చాయి. వాటిలో రెండేళ్ళ లోపు కొలతలు ఒహాయో రాష్ట్రంలోని ఒక్క అధ్యయనం నుంచి తీసుకున్నవి, ఆ పిల్లల్లో ఎక్కువమంది సీసాపాలు తాగినవాళ్ళు. వాళ్ళ పక్కన పెడితే తల్లిపాలు తాగే బిడ్డ మూడు నెలలు దాటగానే వెనకబడినట్టు కనిపించేది. ఆ చార్టు చూసి ఎంతమంది తల్లులు పాలు మాన్పించారో! 1997 నుంచి 2003 దాకా బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో తల్లిపాలతో పెరిగిన, ఏ లోటూ లేని పిల్లల్ని కొలిచి, 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త ప్రమాణం తెచ్చింది. అందులో మన ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. 2008లో మన అంగన్‌వాడీలు దానికి మారాయి. అయిదేళ్ళు దాటిన పిల్లలకు 2015లో మన పిల్లల వైద్యుల సంఘం మన దేశపు చార్టులు ఇచ్చింది. ఇవన్నీ మేలు మార్పులే, చేతులెత్తి మొక్కుతాను.

మరి ఇన్నేళ్ళు కష్టపడి సరైన గీతలు సంపాదించుకున్నాక, ఏ గీతల మీద చుక్క పెడుతున్నారో కాగితం మీద రాయకపోతే ఎలా? అమెరికాలో తయారైన సాఫ్ట్‌వేర్లలో ఆ దేశపు 2000 నాటి చార్టులు ఉంటాయి. రెండేళ్ళ లోపు పిల్లలకు వాటిని పక్కనపెట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులే వాడమని అక్కడి సి.డి.సి. సంస్థే 2010లో చెప్పింది. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇక్కడికి తెచ్చి, లోపల ఏ చార్టు ఉందో చూడకుండా తెలుగు పిల్లల్ని దాని మీద నిలబెట్టడం ఏం న్యాయం?

ఈ గీతల కోసం పోరాడిన పెద్దలున్నారు. 1982లో డేవిడ్ సెక్లర్ అనే ఆర్థికవేత్త, పిల్లలు చిన్నగా ఉన్నా ఆరోగ్యంగానే ఉంటారని ఒక వాదం తెచ్చాడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు డైరెక్టరుగా చేసిన డాక్టర్ సి. గోపాలన్ దాన్ని గట్టిగా ఎదిరించారు. పేదవాడి బిడ్డ పొట్టిగా ఉండటం వాడి రాత కాదని, తిండీ ఆరోగ్యమూ అందకపోవడమని ఆయన వాదన. ఆయన వాదన నిలబడాలంటే కొలత నిలబడాలి. తప్పుడు కొలతలు పోగుపడితే, సమస్యే లేదనేవాళ్ళకు అవే సాక్ష్యమవుతాయి. 2021లో పోషణ్ ట్రాకర్ అనే యాప్ వచ్చాక అంగన్‌వాడీల్లో కూడా బరువు, ఎత్తు ఫోనులోనే నొక్కుతున్నారు, లెక్క యాప్ చేస్తుంది. లెక్క చేయడంలో యంత్రం మనకంటే మేలే, ఒప్పుకుంటాను. నేను కాగితం మీద వేళ్ళు మడిచి చేసిన లెక్కను అది క్షణంలో చేస్తుంది. అయితే నొక్కిన అంకె నిజమా కాదా అన్నది త్రాసు దగ్గరే తేలాలి.

అందుకే నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. సాఫ్ట్‌వేర్ రాసే పిల్లలారా, ప్రతి చుక్క పక్కన ఎవరు కొలిచారో, ఏ రోజు కొలిచారో, పడుకోబెట్టారో నిలబెట్టారో రాయించండి. ఏ సంస్థ చార్టో, ఏ సంవత్సరానిదో కాగితం మీద అచ్చు వేయండి. పుట్టిన వారాలు అడగనిదే రెండేళ్ళ లోపు బిడ్డ చార్టు తెరవనివ్వకండి. ఎత్తు తగ్గినా, బరువు అమాంతం పెరిగినా ఆపి, మళ్ళీ కొలవమనండి. పాత అంకెను కొత్త గడిలోకి తేకండి. మీ లెక్క సరైనదో కాదో చూసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉచితంగా ఇచ్చే ఆంత్రో అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అదే బిడ్డ కొలతలు అందులో వేసి పోల్చండి.

ఆస్పత్రి వాళ్ళకూ ఒక మాట. పసిపిల్లల పొడవు కొలవడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తల పలకకు ఆనించి పట్టాలి, ఇంకొకరు మోకాళ్ళు మెల్లిగా నొక్కి పాదాల పలక జరపాలి. ఆ రెండో మనిషి జీతం దండగ అనుకోకండి. త్రాసును రోజూ పొద్దున్నే తెలిసిన బరువు పెట్టి పరీక్షించండి. కొలిచిన నర్సే అంకె ఎక్కించాలి, ఎక్కించాక గీత ఎటు వెళ్ళిందో ఆమే చూడాలి, తేడా ఉంటే బిడ్డ బల్ల దిగక ముందే మళ్ళీ కొలవాలి. మేం పెన్సిలుతో చేసిన పని మొత్తం ఇదే. కంప్యూటరుతో చేయలేకపోవడానికి కారణమేమీ లేదు.

తల్లులారా, మీరు మొహమాట పడకండి. రంగుల కాగితం చేతిలో పెట్టగానే బెంబేలు పడొద్దు, మురిసిపోనూ వద్దు. "నా ఎదురుగా మళ్ళీ కొలవండి" అని అడగండి. పుట్టిన తేదీ, ఆడా మగా, ఎన్ని వారాలకు పుట్టిందీ సరిగ్గా ఉన్నాయా అని కాగితం మీద వేలు పెట్టి చూసుకోండి. ప్రతి కొలతా మీ తల్లీబిడ్డల కార్డులో చేత్తో రాయించుకుని ఇంట్లో దాచుకోండి. ఆస్పత్రి మారితే సాఫ్ట్‌వేర్ మీ వెంట రాదు, కార్డు వస్తుంది. ఎవరైనా "సిస్టంలో అలా వచ్చింది" అంటే, కొలిచిన మనిషిని పిలవమనండి. అది మీ హక్కు.